లోపలి గడియ

వేడినీళ్ళ తొట్టెలో దుప్పట్లు ఒక మూల అణిగితే ఇంకో మూల బుడగలా ఉబ్బి పైకి లేస్తున్నాయి. ఆమె రెండు చేతులా కర్ర పట్టుకుని వాటిని అడుక్కి అదుముతోంది. ఉబ్బిన చోట పొడిచి గాలి తీసెయ్యకపోతే సోడా లోపలికి పట్టదు. పట్టకపోతే మరక పోదు. మరక పోకపోతే ఆ దుప్పటి మళ్ళీ రేపు ఈ తొట్టెలోకే వస్తుంది. షెడ్డు రేకుల కింద ఆవిరి పొగలా కమ్ముకుని ఉంది. బయట ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ధ్యానమందిరం వైపు నుంచి ఎవరో దగ్గుతున్న చప్పుడు తప్ప ఆశ్రమమంతా సద్దుమణిగి ఉంది.

పొట్టి మనిషి. మెడ కొంచెం ముందుకి వంగి, నడుస్తున్నప్పుడు ఎప్పుడూ ఏదో కింద పడింది వెతుకుతున్నట్టు కనిపిస్తుంది. వేళ్ళ చివర్లు సోడాకి పగిలి, గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటాయి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుంటుంది కాబట్టి పిక్కల మీద ఉబ్బిన నరాలు అందరికీ కనిపిస్తాయి. ఆ సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఆశ్రమంలో ఆమెని దుప్పట్లక్క అంటారు. ఆమె కన్నా పెద్దవాళ్ళూ అక్కే అంటారు. అసలు పేరు ఆఫీసులో ఎక్కడో ఉండే ఉంటుంది. అడిగినవాళ్ళు లేరు.

ఉతికేవాళ్ళకి తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. మనశ్శాంతి కోసమని వచ్చి పది మందిలో నవ్వుతూ తిరిగే మనిషి దిండు గలీబు ఉప్పు కట్టి ఉంటుంది. మౌనవ్రతం పట్టినవాళ్ళవే ఎక్కువ తడుస్తాయి. నోరు కట్టేస్తే కళ్ళు ఊరుకోవు కాబోలు అనుకునేది ఆమె. ఎవరితోనూ అనేది కాదు. దుప్పట్లతో పాటు ఆ సంగతీ తొట్టెలో వేసి అదిమేసేది.

ఆమెకి భక్తి ఉందని అందరూ అనుకుంటారు. ఉందో లేదో ఆమెకే తెలియదు. సాయంత్రం గంట కొట్టి అందరూ మందిరంలోకి వెళ్ళిన సమయంలో ఆమె ఆరిన బట్టలు మడతపెడుతుంది. అప్పుడైతే వాకిలి ఖాళీగా ఉంటుంది, దుప్పటి బారుగా పరచుకోవచ్చు. ఒకసారి పెద్దస్వామి షెడ్డు ముందు నుంచి వెళుతూ ఆగి, "నీదే అసలైన యోగం తల్లీ" అన్నాడు. దండం పెడదామని ఆమె చేతులు తుడుచుకునేలోపల ఆయన మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తడి చేతులు అలాగే కాసేపు గాలిలో ఉండిపోయాయి.

ఆమె ఇక్కడికి దేవుడి కోసం రాలేదు. గడియ కోసం వచ్చింది. కాకపోతే ఆ సంగతి వచ్చాకే తెలిసింది.

పెళ్ళయిన రెండో ఏడు భర్త పోతే పుట్టింటికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే తండ్రికి పక్షవాతం. ఆయన పోయాక తమ్ముడికి పెళ్ళి, పిల్లలు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యేసరికి తల్లి మంచాన పడింది. ఇన్నేళ్ళూ ఆమె పక్క వంటింటికీ హాలుకీ మధ్య నడవాలోనే. అందరూ పడుకున్నాక పరుపు దించుకోవాలి, అందరికన్నా ముందు లేచి చుట్టెయ్యాలి. చీకట్లో మంచినీళ్ళకి లేచిన ప్రతివాళ్ళూ ఆమెని దాటుకునే వెళ్ళేవారు. ఎవరి పాదమైనా తగిలితే "అయ్యో, చూసుకోలేదు" అనేవారు. నిజమే, చూసుకోలేదు. చిన్నప్పుడు మేనల్లుడైతే పందెం వేసి గెంతేవాడు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఎవరూ ఒక్క మాట తూలలేదు. తల్లి పోయి ఇంట్లో చుట్టాలు ఖాళీ అయ్యాక, "కొన్నాళ్ళు ఆశ్రమానికి వెళ్ళొస్తాను" అంది. వద్దని ఎవరూ అనలేదు. అప్పటికి ఇంట్లో మంచాన పడ్డవాళ్ళెవరూ లేరు.

ఇక్కడ మేనేజరు ఆమెకి మెట్ల కింద ఒక గది చూపించాడు. మంచం పడితే మనిషి నిలబడటానికే చోటు. సామాన్లు పెట్టి తలుపు వేస్తే చేతికి ఇనుప గడియ తగిలింది, లోపలి వైపు. ఆమె దాన్ని వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. మంచం మీద కూర్చుని తలుపు వంక చూసింది. ఎవరూ తియ్యమనలేదు. ఆ రాత్రి పట్టిన నిద్ర ఆమెకి ముందూ పట్టలేదు, తర్వాతా పట్టలేదు.

"అక్కా!"

మేనేజరు షెడ్డు గడప దగ్గరే ఆగాడు. ఆవిరికి కళ్ళద్దాలు మసకేస్తాయని లోపలికి రాడు. మంచివాడే. ఎవరికీ కాదని చెప్పలేక, అవునని చెప్పే పనులన్నీ నెత్తినేసుకుని తిరుగుతుంటాడు.

"మీ తమ్ముడు ఫోన్ చేశాడమ్మా. మధ్యాహ్నం వస్తున్నాడట."

కర్ర ఆగింది. "ఎవరికేమైంది?"

"వాళ్ళత్తగారు బాత్రూములో జారిపడ్డారట. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, ఇంకా లేవలేకపోతున్నారట." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "సేవ ఎక్కడ చేస్తే ఏముంది చెప్పండి. అక్కడున్నదీ దేవుడే."

ఆమె కర్ర మళ్ళీ తొట్టెలో దింపింది. ఆయన వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "మీ గది... రేపు ఒక కుటుంబం దిగుతోంది. చాలాకాలం ఉంటారట, మనకి కావలసినవాళ్ళు. సామాన్లు పెట్టుకోవడానికి ఏదన్నా చూడమన్నారు. ఎలాగూ మీరు వెళ్తారు కదా అని సరేనన్నాను."

నీళ్ళు పొంగి తొట్టె అంచు మీంచి ఆమె పాదాల మీద చిందాయి. చురుక్కుమంది. ఆమె వంగి తొట్టె కింద మంట తగ్గించింది.

టీచరమ్మ గది వెనక వరసలో చివరిది. ఒకప్పుడు లెక్కలు చెప్పేదట. భర్త లేడు, పిల్లలు లేరు. తన ఫ్లాటు ఆశ్రమానికి రాసిచ్చి, చచ్చేదాకా చూసుకునే బాధ్యత మీదే అని చెప్పి వచ్చి మంచమెక్కిన మనిషి. నడుం కింద చలనం లేదు. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"ఆలస్యమైందేం? దేవుడు గానీ ఎదురొచ్చాడా?"

"మేనేజరు గారొచ్చారు."

"మేనేజరొస్తే పని పెరుగుతుంది. దేవుడొచ్చినా పని తగ్గదు. తేడా లేదులే."

దుప్పట్లక్క నవ్వింది. మనిషిని లేపకుండా కింద దుప్పటి మార్చడానికి ఒక పద్ధతి ఉంది. పాతదాన్ని పొడుగునా నడుం దాకా చుట్టాలి. కొత్తదాన్ని దాని పక్కనే చుట్టగా పెట్టాలి. మనిషిని ఆ చుట్టల మీదుగా అవతలి వైపుకి దొర్లించి, పాతది లాగేసి కొత్తది పరవాలి. టీచరమ్మ ప్రతిసారీ మంచం పట్టీని పట్టుకుని తన బరువు తానే కొంత లాగేది. ఇంకొకరి చేతుల్లో పూర్తిగా బరువవడం ఆమెకి గిట్టదు. తండ్రికీ తల్లికీ ఇలాగే చేసి చేసి దుప్పట్లక్క చేతులకి ఈ పని నిద్రలోనైనా వస్తుంది. వీపు మీద పుండు అంచు నిన్నటికన్నా నల్లబడి ఉంది. ఆమె దాని సంగతి ఎత్తలేదు. మందు అద్ది, దూది పెట్టి, తమ్ముడు వస్తున్న సంగతి చెప్పింది.

"వెళ్తావా?"

"మీకెవరు చేస్తారు?"

టీచరమ్మ తల తిప్పి చూసింది. "ఇదిగో, నన్ను అడ్డం పెట్టకు. నాన్న ఉన్నాడని పుట్టింట్లో ఉన్నావు. అమ్మ ఉందని తమ్ముడింట్లో ఉన్నావు. ఇప్పుడు నేనున్నానని ఇక్కడుంటావా? నేను పోతే? ఇంకో ముసలిదాన్ని వెతుక్కుంటావా?"

"పొద్దున్నే చావు మాటలెందుకండీ."

"చావు మాటలు కావే పిచ్చిదానా, నీ బతుకు మాటలు. వాడు రమ్మంటే నాకిష్టం లేదురా అని చెప్పు. కారణం అడిగితే ఇష్టం లేకపోవడమే కారణమని చెప్పు. ఏదీ, ఒక్కసారి నా ముందు అను. వింటాను."

దుప్పట్లక్క నోరు తెరిచింది. ఆ మూడు మాటలూ కష్టమైనవేం కాదు. పిల్లలు అన్నం దగ్గర రోజూ అనే మాటలే. అయినా నోరు మళ్ళీ మూతపడింది. తడిసిన దుప్పటి చుట్ట చంకన పెట్టుకుని, "ఎండ వచ్చేట్టుంది, ఆరెయ్యాలి" అని బయటికి నడిచింది.

"ఇంటికన్నా గుడి పదిలం అన్నారు," వెనక నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "గుడిలో ఉండేవాడు మాత్రం నమ్మలేదు చూడు, బయట తాళం వేయించుకుని పడుకుంటాడు!"

ఎండ రాలేదు. మబ్బు కమ్మింది. ఆరేసిన దుప్పట్లు గాలికి పటపటమని కొట్టుకున్నాయి, సగం ఆరాయో లేదో సన్నగా తుంపర మొదలైంది. ఆమె తాళ్ళ మీంచి దుప్పట్లు లాగి భుజం మీద వేసుకుని పరుగెడుతుండగా గేటు ముందు టాక్సీ ఆగింది.

తమ్ముడు లావయ్యాడు. జుట్టు పలచబడి తండ్రి పోలికలు బయటపడ్డాయి. ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. ఆమెని చూసి లేవబోయాడు. తడి బట్టలు మోస్తున్న ఆమె అవతారం చూసి సగంలోనే ఆగిపోయాడు.

"ఏంటక్కా, ఇలా అయిపోయావు!"

"బాగానే ఉన్నాన్రా. పిల్లలు?"

"బాగున్నారు. పెద్దాడు బయట చదువుకుంటున్నాడు. చిన్నదానికి పరీక్షలు." తల దించుకున్నాడు. "మీ మరదలు ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. మనిషిని పెడితే రెండు వారాలుండి పోయింది. ఇంకో ఆవిడ మూడో రోజే చెప్పకుండా వెళ్ళిపోయింది. అక్కా, అత్తగారిని నేనే ఎత్తి కూర్చోబెడుతున్నాను. అల్లుడు ఎత్తుతుంటే ఆవిడ సిగ్గుతో కళ్ళు మూసుకుంటుంది. ఏడుస్తుంది. నా వల్ల కావడం లేదు." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు తప్ప నాకెవరున్నారు?"

చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. కళ్ళ కింద నల్లగా సంచులు కట్టాయి. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. అది సరిచెయ్యాలని ఆమె చెయ్యి తనంతట తానే లేచింది. మధ్యలో ఆగింది.

"నాకు పక్క ఎక్కడ?"

"నడవాలో కాదులే," అన్నాడు గబగబా. ఆ సంగతి అతనికీ గుర్తుందన్నమాట. "ఆవిడ గదిలోనే నీకు వేరే మంచం వేయించాను. కొత్త పరుపు. ఫ్యాను కూడా ఉంది."

"ఆ గదికి లోపల గడియ ఉందా?"

అతనికి అర్థం కాలేదు. "గడియెందుకు? ఆవిడ లోపల వేసుకుని పడిపోతే ఎలా తీస్తామని ఎప్పుడో పీకించేశాం." అక్క మొహం చూసి మళ్ళీ అన్నాడు. "ఎందుకడిగావు?"

మేనేజరు టీ తెచ్చి ఇచ్చాడు. కప్పులోంచి ఆవిరి లేస్తోంది. తమ్ముడూ మేనేజరూ ఇద్దరూ ఆమె వంకే చూస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే మాట ఉంది, ఎలాగూ వస్తావుగా అని. చెప్పవలసిన మూడు మాటలూ ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"ఇక్కడ టీచరమ్మ గారున్నారు రా. మంచాన పడ్డ మనిషి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను కదలడానికి లేదు."

తమ్ముడు వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. "అంతేనా? నువ్వసలు రానంటావేమోనని హడలిపోయాను." మేనేజరు వైపు తిరిగాడు. "ఎలా ఉందండీ ఆవిడకి?"

"ఏముందండీ. వయసు మీద పడింది. వీపంతా పుండు," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

"పోనీలే. అప్పటిదాకా ఎలాగో లాక్కొస్తాను. మీరొక్క ఫోన్ చెయ్యండి, కారు పంపిస్తాను." టీ గటగటా తాగేసి లేచాడు. గుమ్మం దగ్గర అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆ గరుకుదనానికి ఉలిక్కిపడి, అయినా వదలకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు. "నీ ఆరోగ్యం జాగ్రత్త," అన్నాడు.

టాక్సీ కదిలి వెళ్ళిపోయింది. ఆమె తుంపరలో నిలబడిపోయింది. తను అన్న మాట ఇప్పుడు తనకే మళ్ళీ వినిపించింది. బతికున్న మనిషి చావుకి తమ్ముడి చేత గడువు పెట్టించి వచ్చింది. వాడు పాపం చెడ్డవాడు కాదు. ఇప్పుడు రోజూ, తనకి తెలియకుండానే, ఆ ఫోను కోసం ఎదురుచూస్తాడు.

సగం ఆరిన దుప్పట్లు షెడ్డులో అడ్డంగా తాళ్ళు కట్టి వేసింది. పొద్దు వాలుతుండగా వంటింట్లోకి వెళ్ళి, టీచరమ్మ కాళ్ళకి పెట్టే రబ్బరు సంచి పొయ్యి దగ్గర పెట్టుకుని వేడినీళ్ళు నింపింది. "చెయ్యి కాలుతుందక్కా, గరాటా ఉంది," అన్నాడు వంటాయన. ఆమె వినిపించుకోలేదు. మూత బిగించి, సంచికి తువ్వాలు చుట్టి, పొట్టకి ఆనించుకుని వెనక వరస వైపు నడిచింది.

గదిలో దీపం వెయ్యలేదు. కిటికీలోంచి మసక వెలుతురు పడుతోంది. టీచరమ్మ గోడ వైపు తిరిగి ఉంది. ఆలస్యమైతే అలిగి అలాగే తిరిగి పడుకుంటుంది. పిలిచినా పలకదు. తనకి కోపం చల్లారాకే ఏదో ఒక ఎత్తిపొడుపుతో మొదలుపెడుతుంది.

"వచ్చానండీ. కోపమొచ్చిందా?"

దుప్పటి కొస ఎత్తి పాదాల కింద సంచి పెట్టింది. పాదాలు చల్లగా ఉన్నాయి. అవి ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నం నుంచి లోపల కుక్కుకున్నదంతా బయటపడటం మొదలైంది.

"మీరన్నట్టే అయిందండీ. మిమ్మల్నే అడ్డం పెట్టాను. మీరున్నన్నాళ్ళూ రానన్నాను. వాడు సంతోషంగా వెళ్ళాడు. మీ ఆయుష్షు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. నన్ను తిట్టండి, పడతాను." కాసేపు ఆగింది. "ఎందుకిష్టం లేదో మీక్కూడా ఎప్పుడూ చెప్పలేదు. నవ్వుతారని. నా గదికి లోపల గడియ ఉందండీ. అంతే. అది వేసుకున్నాక ఎవరూ నన్ను దాటుకుంటూ వెళ్ళరు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి తలుపు ఇదొక్కటే. రేపట్నుంచి అదీ ఎవరికో సామాన్లగదట. ఐనా వెళ్ళబుద్ధి కావడం లేదు. అంటే గడియ ఒక్కటే కాదేమో. మా వాడి మొహం చూస్తే కడుపు తరుక్కుపోయింది. అయినా వెళ్ళబుద్ధి కాలేదు. ఇది పాపమంటారా?"

గోడవైపు నుంచి జవాబు రాలేదు.

"నాకిష్టం లేదు," అంది ఆమె. అని, తన గొంతు తనకే కొత్తగా వినిపించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి తీసి ఇంకోసారి, కొంచెం గట్టిగా అంది. "నాకిష్టం లేదు! విన్నారా? అడిగారుగా పొద్దున. అన్నాను చూడండి."

మందిరంలో గంట మోగింది. ఆమె లేచి లైటు వేసి, కొత్త దుప్పటి చుట్ట మంచం మీద పెట్టి, పాతదాన్ని నడుం దాకా చుట్టింది. "పట్టుకోండి," అంటూ భుజం కింద చెయ్యి వేసి దొర్లించింది.

మంచం పట్టీని చెయ్యి పట్టుకోలేదు. వేళ్ళు దాని మీదుగా జారి కిందికి వేలాడాయి. ఆ శరీరం మొత్తం బరువు, ఇన్నాళ్ళూ టీచరమ్మ దాచుకున్నదంతా, ఒక్కసారిగా ఆమె చేతుల్లోకి వచ్చేసింది.

ఆమె కేక పెట్టలేదు. మనిషిని అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత మిగిలిన పని పూర్తి చేసింది. పాతది లాగేసింది. కొత్తది పరిచి, ముడతలు లేకుండా నాలుగు మూలలా దోపింది. మొహం తుడిచి, జుట్టు దువ్వి, సగం తెరిచిన కళ్ళని రెండు వేళ్ళతో మూసింది. తన మాటల్లో ఎన్నింటిని టీచరమ్మ విని ఉంటుంది? బహుశా ఒక్కటీ కాదు. చల్లగా తగిలిన ఆ పాదాలు గుర్తొచ్చాయి.

ఆమె పిలిస్తే మేనేజరు వచ్చాడు. డాక్టరు వచ్చి చూసి మధ్యాహ్నమే పోయిందని చెప్పి వెళ్ళాడు. కబురు చెయ్యడానికి టీచరమ్మకి ఎవరూ లేరు. మందిరంలో పాట ముగియకముందే వ్యాను వెనకవైపు గేటులోంచి వచ్చింది. అతిథులు కంగారుపడతారని ఇలాంటివి ఎప్పుడూ అటునుంచే. ఇద్దరు మనుషులు స్ట్రెచరు మోస్తుంటే ఆమె వ్యాను దాకా వెంట నడిచింది. వ్యాను తలుపు మూసుకుంది. ఎర్రదీపాలు మలుపు దాకా కనిపించి మాయమయ్యాయి.

మేనేజరు చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "అక్కా, మరి... మీ తమ్ముడికి ఫోన్ చెయ్యనా? ఇంకా ఊరు చేరి ఉండడు. వెనక్కి తిరిగి వచ్చేస్తాడు."

"చెయ్యండి," అంది ఆమె.

ఆయన ఫోను తీశాడు.

"నేను రానని చెప్పండి."

నంబరు నొక్కబోతున్న వేలు ఆగింది. "ఆవిడ ఉన్నన్నాళ్ళూ అన్నారు కదమ్మా. ఇప్పుడేం చెప్పమంటారు?"

"నాకిష్టం లేదని చెప్పండి. లేకపోతే ఇలా ఇవ్వండి, నేనే చెప్తాను."

ఆయన ఇవ్వలేదు. ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రేపు చెబుదాం లెండి. రాత్రంతా ఆలోచించుకోండి. కానీ మీ గది మాత్రం మాటిచ్చేశానమ్మా. టీచరమ్మ గారి గది ఆస్తి రాసిచ్చినవాళ్ళకే ఇస్తారు. హాల్లో పదిమందితో పాటు సర్దుకోవాలి. అక్కడ తలుపే లేదు."

"తెలుసు."

"పైగా వచ్చేపోయేవాళ్ళు..."

"నాకలవాటే లెండి. చాప ఒకటి ఇప్పించండి. రేపు పొద్దున్నే ఖాళీ చేస్తాను."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆమె చివరి గదికి వెళ్ళింది. కిటికీ తెరిచి గాలి రానిచ్చింది. మందు సీసాలూ దూదీ ఒక సంచిలో వేసింది. ఇందాక పరిచిన కొత్త దుప్పటి మనిషితో పాటే వెళ్ళిపోయింది. నేల మీద పడి ఉన్న పాతదాన్ని రేపటి తొట్టె కోసం చుట్టి చంకన పెట్టుకుంది. లైటు ఆర్పబోతూ మంచం వైపు తిరిగింది. పరుపు మీద, పాదాలుండే చోట, తువ్వాలు చుట్టిన రబ్బరు సంచి ఇంకా వెచ్చగానే ఉంది.